కారు అమ్మేటప్పుడు డబ్బు ఎక్కడ కూర్చుని తీసుకోవాలి?

కారు తాళం చేతులు మారే చోటు మీ ఇంటి వాకిలి కాకూడదు, మీ ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచి కావాలి. రోజు పని దినం కావాలి, టైము ఉదయం పదిన్నరకీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్య. బేరం ఎక్కడైనా ఆడుకోండి. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వండి, భోజనం వేళయితే విస్తరి వేయండి. డబ్బు మాత్రం మీ బ్రాంచిలో కూర్చుని, ఖాతాలో పడిందని కళ్ళారా చూసుకుని తీసుకోండి. దీనికి ఒప్పుకోని మనిషికి కారు అమ్మకండి, ఇంకో పదివేలు ఎక్కువ ఇస్తానన్నా సరే.

నేను పాలకొల్లులో ఒక బ్రాంచిలో చాలాకాలం క్యాష్ కౌంటరు చూశాను, తర్వాత ఆఫీసరుగా రిటైరయ్యాను. మా పుట్టిల్లు చించినాడ వంతెన దాటాక రాజోలు వైపు, అత్తవారిది నరసాపురం. ఈ రెండు వైపుల చుట్టాల్లో ఎవరు పాత కారు అమ్మకానికి పెట్టినా, డబ్బు దగ్గరికొచ్చేసరికి "అక్కా, ఒకసారి నువ్వు రావాలి" అని ఫోన్ చేస్తారు. కారు ఇంజను గురించి నాకేం తెలియదు. డబ్బు వచ్చిందో రాలేదో మాత్రం చెప్పగలను.

మా వైపు కార్లు ఎక్కువగా చేతులు మారేది సంక్రాంతి ముందు, మళ్ళీ దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బులు చేతికొచ్చాక. రొయ్యల చెరువు పట్టిన ఇంట్లో అయితే కాలంతో పనిలేదు. మోసగాళ్ళకీ ఈ లెక్క తెలుసు. భోగి ముందు రోజు సాయంత్రం, లేదా రెండో శనివారానికి ముందొచ్చే శుక్రవారం చీకటి పడ్డాక వచ్చి, "తెల్లారేసరికి తిరుపతి బయల్దేరాలండి, ఇప్పుడే తీసుకెళ్తాం" అంటారు. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకు సెలవు. మీరు ఎవరినీ అడిగి తెలుసుకోలేని వేళే వాళ్ళకి ముహూర్తం.

ఆకుపచ్చ టిక్కు

మా తమ్ముడు 2015 మోడల్ డిజైర్, ఏపీ 05 నెంబరుది, 3,60,000కి బేరం కుదిర్చాడు. కొనడానికొచ్చిన కుర్రాడు రావులపాలెం అన్నాడు. సాయంత్రం ఏడు దాటింది. "పంపేశానండి, చూస్కోండి" అని ఫోను మా తమ్ముడి మొహం ముందు పెట్టాడు. ఆకుపచ్చ టిక్కు, అంకె, మా తమ్ముడి పూర్తి పేరు, అన్నీ ఉన్నాయి.

"యూపీఐలో మనిషి నుంచి మనిషికి మామూలుగా రోజుకి లక్షే కదా బాబూ, మూడున్నర లక్షలు ఒక్కసారే ఎలా వెళ్ళాయి?" అన్నాను.

"మాది బిజినెస్ అకౌంటండి మేడం, లిమిట్ ఉండదు. సర్వర్ డౌను, పది నిమిషాల్లో పడిపోద్ది."

"పడనీ బాబూ. పడ్డాకే తాళం. ఈలోగా టీ తాగు."

టీ తాగాడు. ఫోన్ మాట్లాడుకుంటూ గేటు దాటాడు, బయట ఎవరిదో బైకు వెనక ఎక్కాడు, అంతే. కప్పు కూడా లోపల పెట్టలేదు.

అచ్చం యూపీఐ యాప్ లాగే తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పేరు కొడితే పేరు, అంకె కొడితే అంకె, గంట మోతతో సహా. కాబట్టి కొనేవాడి ఫోను చూడటమే మానేయండి. వాడి ఫోనులో ఏముందో మీకు అనవసరం. మీ ఫోనులో మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి బ్యాలెన్స్ చూడండి. ఎస్సెమ్మెస్ వచ్చినా నమ్మకండి. బ్యాంకు మెసేజీ పది అంకెల మామూలు మొబైల్ నెంబరు నుంచి రాదు, మధ్యలో గీత ఉన్న అక్షరాల పేరుతో వస్తుంది. "మీ ఖాతాకు 3,60,000 జమ" అని వచ్చి, పంపినవాడి చోట 9తోనో 7తోనో మొదలయ్యే నెంబరు కనపడితే అది పక్కనున్నవాడి స్నేహితుడు కొట్టి పంపిన మెసేజీ.

ఖాతా నుంచి ఖాతాకి డబ్బు పంపే ఆర్టీజీఎస్, ఐఎంపీఎస్, నెఫ్ట్ పద్ధతుల లిమిట్లు తెలిసి ఉంటే సగం అబద్ధాలు అక్కడికక్కడే పట్టుకోవచ్చు. ఆర్టీజీఎస్ కనీసం 2 లక్షలుండాలి, అంతకన్నా తక్కువకి కుదరదు. "యాభై వేలు ఆర్టీజీఎస్ చేశాను" అన్నవాడికి బ్యాంకు తెలియదన్నా అనుకోవాలి, అబద్ధమన్నా అనుకోవాలి. ఐఎంపీఎస్ 5 లక్షల వరకూ వెళ్తుంది, ఎప్పుడు పంపినా వెంటనే పడుతుంది. నెఫ్ట్ అరగంటకో విడత చొప్పున వెళ్తుంది, కాబట్టి పంపినవాడికి "సక్సెస్" అని చూపించినా మీకు పడటానికి కాస్త టైము పట్టొచ్చు. ఆ కాస్త టైములోనే "వెళ్ళిపోయింది కదండీ, తాళం ఇవ్వండి" అంటారు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీపగలూ, సెలవుల్లో కూడా నడుస్తున్నాయి. అంటే "ఈరోజు ఆదివారం కదండీ, పంపాను గానీ రేపు పడుతుంది" అనే మాటకి కాలం చెల్లింది.

నన్నడిగితే కారు డబ్బుకి ఆర్టీజీఎసే మంచిది. ఒకసారి మీ ఖాతాలో పడ్డాక పంపినవాడు వెనక్కి లాక్కునే వీల్లేదు. కొనేవాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది, పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం ఇప్పుడుంది.

చెక్కు, డీడీ

చెక్కు తీసుకోవడం తప్పేం కాదు, చెక్కు తీసుకుని కారు ఇవ్వడం తప్పు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు అదే రోజు క్లియరయ్యే పద్ధతి వచ్చింది. పొద్దున్న వేస్తే మామూలుగా సాయంత్రానికి తేలిపోతుంది. కాబట్టి "వేసుకుంటాను, తేలాక రండి" అనడానికి మొహమాటం అక్కర్లేదు. కొనేవాడే చెక్కు మీ ఖాతాలో వేసేసి "చూసుకోండి, జమయింది" అంటే ఇంకా జాగ్రత్త. చెక్కు అందిందని వచ్చే మెసేజీ వేరు, డబ్బు రావడం వేరు. మీరు తీసుకోగలిగిన సొమ్ము ఎంతో యాప్‌లో 'అవైలబుల్ బ్యాలెన్స్' అని విడిగా కనిపిస్తుంది, అది చూడండి. చెక్కు బౌన్సయితే కేసు ఉందనుకుంటారు. ఉంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, వాడికి 15 రోజులు గడువు, ఆ తర్వాత కోర్టు. ఈలోగా మీ కారు ఏ రాష్ట్రంలో ఉంటుందో!

డీడీ అంటే డబ్బే అని పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఒక నమ్మకం. కలర్ ప్రింటరు మీద తీసిన డీడీలు కౌంటరు దాకా వస్తాయండీ. డీడీ తీయించగలిగినవాడు అదే కౌంటరులో ఆర్టీజీఎస్ ఫారం నింపగలడు. ఆ ఫారమే నింపమనండి.

పిన్ను, క్యూఆర్ కోడు, ఫైలు

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టిన గంటలోపే ఒక ఫోన్ వస్తుంది. కారు చూడరు, బేరం ఆడరు. "నేను వైజాగ్ నేవీలో చేస్తున్నానండి, సెలవు దొరకదు, మా మనిషి వచ్చి తీసుకుంటాడు" అంటారు. యూనిఫాంలో ఫోటో, గుర్తింపు కార్డు వాట్సాప్‌లో పెడతారు. ఆ కార్డు ఎవరిదో పాపం. తర్వాత "అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అంటారు. ముందు ఒక్క రూపాయి నిజంగానే పంపి నమ్మకం కలిగిస్తారు. డబ్బు పుచ్చుకోవడానికి స్కాన్ చేయడం గానీ పిన్ను కొట్టడం గానీ అక్కర్లేదు. పిన్ను కొడితే మీ డబ్బు బయటికి పోతున్నట్టే. దీనికి మినహాయింపు లేదు.

ఇందులో ఇంకో రకం "పొరపాటున ఎక్కువ పంపేశాను" అనేది. బజానా ఐదు వేలు అనుకుంటే యాభై వేలు వెళ్ళిపోయిందంటాడు, ఏడుపు గొంతు పెడతాడు, హాస్పిటల్ ఖర్చులంటాడు. మెసేజీ కూడా వస్తుంది, నకిలీది. మీ ఖాతాలో నిజంగా అదనంగా పడి ఉంటే మీరు ఫోనులో తిప్పి పంపకండి. "మీ బ్యాంకులో కంప్లయింట్ ఇవ్వండి, మా బ్యాంకు నన్నడిగితే ఒప్పుకుంటాను" అనండి. నిజంగా పొరపాటు చేసినవాడు అలాగే చేస్తాడు.

ఫైళ్ళ సంగతి: "ఆర్టీవో ఫారం", "చలానా వివరాలు", "లోన్ శాంక్షన్ లెటర్" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోకండి. అది ఫారం కాదు, మీ ఫోనులో దూరే యాప్. మీ మెసేజీలన్నీ, ఓటీపీలతో సహా, వాడికి కనపడతాయి. తెర పంచుకునే యాప్‌లు వేయించుకోమన్నా అదే కథ.

మధ్యలో ఒకడు

అన్నిటికంటే నాకు భయం ఈ రకం మోసమంటే. ఎందుకంటే ఇందులో కారు నిజం, అమ్మేవాడు నిజం, కొనేవాడు నిజం, డబ్బు కూడా నిజం.

ఎలా జరుగుతుందంటే: మీరు కారుకి 4 లక్షలని ప్రకటన పెట్టారు. ఒకడు మీకు ఫోన్ చేసి బేరం ఆడకుండా ఒప్పుకుంటాడు. ఆ ప్రకటనలోని ఫోటోలే తీసుకుని, 3 లక్షలకి తనదని ఇంకోచోట పెడతాడు. మండపేట నుంచో తణుకు నుంచో నిజంగా కారు కావలసిన ఒకాయన వాడికి ఫోన్ చేస్తాడు. ఆయనతో వాడు, "కారు మా అన్నయ్య దగ్గరుందండి, వెళ్ళి చూసుకోండి. ఆయనతో రేటు మాత్రం మాట్లాడకండి, అన్నదమ్ముల మధ్య లెక్కలున్నాయి" అంటాడు. మీతో, "మా బావగారు చూడటానికి వస్తారండి. ఆయనకి నేను బాకీ, దాని కింద కారు ఇప్పిస్తున్నాను. రేటు సంగతి ఆయన ముందు ఎత్తకండి, పరువు పోద్ది" అంటాడు.

మనవాళ్ళకి ఇలాంటి మాట చాలు. ఎదుటివాడి ఇంటి లెక్కల్లో తలదూర్చడం మర్యాద కాదనుకుంటాం. వచ్చినాయన కారు నడిపి చూస్తాడు, నచ్చుతుంది. ఫోనులో ఉన్నవాడు పంపమన్న ఖాతాకి 3 లక్షలు పంపిస్తాడు. "డబ్బు పంపేశానండి, తాళం ఇవ్వండి" అని మిమ్మల్ని అడుగుతాడు. మీకు రూపాయి రాలేదు. ఫోనులో ఉన్నవాడు స్విచాఫ్. ఇక మీ వాకిట్లో ఇద్దరు మంచివాళ్ళు ఒకరి కాలరు ఒకరు పట్టుకుంటారు.

దీనికి మందు ఒక్కటే, అదీ బేరం మొదట్లోనే. కారు చూడటానికి ఎవరొచ్చినా మంచినీళ్ళు ఇస్తూనే నేను అడిగించే ప్రశ్నలు ఇవి: "మీరు ఎంతకి కొంటున్నారండీ? డబ్బు ఎవరి ఖాతాకి పంపుతున్నారు? కారు ఎవరిదని మీతో చెప్పారు?" రేటు మాట్లాడొద్దని ఎవరైనా చెప్పి ఉంటే ముందు రేటే మాట్లాడండి. ఆర్సీలో మీ పేరు, మీ ఆధార్‌లో మీ పేరు ఆయనకి చూపించండి, డబ్బు ఆ పేరున్న ఖాతాకే రావాలని చెప్పండి. బ్రోకరు ఉంటే ఉండనివ్వండి, కమీషన్ విడిగా ఇవ్వండి. కారు డబ్బు మాత్రం ఆయన చేతుల మీదుగా రానివ్వకండి.

డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చింది?

డబ్బు నిజంగా పడినా ఇబ్బంది రావచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎక్కడో ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బుతో మీ కారు కొంటారు. పోగొట్టుకున్న మనిషి సైబర్ పోలీసులకి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల్లోకి వెళ్ళిందో ఒకదాని వెంట ఒకటి పట్టుకుని ఆపించేస్తారు. మీ ఖాతా కూడా ఆగుతుంది. మీరు ఏ తప్పూ చేయలేదు, అయినా పెన్షను తీసుకోలేరు, కరెంటు బిల్లు కట్టలేరు. విడిపించుకోవడానికి ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసులకి కాగితాలు పంపుకోవాలి. కౌంటరు అవతల నిలబడి "నేను కారు అమ్ముకున్నానమ్మా, అంతే" అని చెప్పినవాళ్ళని చూశాను. సేల్ లెటరు దగ్గరున్నవాళ్ళకి తొందరగా తేలేది, లేనివాళ్ళు తిరుగుతూనే ఉండేవారు.

అందుకని కొనే మనిషి పేరూ, ఆధార్ పేరూ, డబ్బు పంపిన ఖాతా పేరూ ఒకటే అయి ఉండాలి. కోనసీమలో ఇది చెప్పడం కష్టం, ఎందుకంటే ఇంటికొకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు, "మా అన్నయ్య అక్కడి నుంచి పంపుతాడండి" అనేది మామూలు మాట. అబద్ధం కూడా కాకపోవచ్చు. అయినా ఆ అన్నయ్య తన తమ్ముడి ఖాతాకి పంపుకోవాలి, తమ్ముడు మీకు పంపాలి. నాలుగు పేర్ల మీద నాలుగు ముక్కలుగా వస్తానంటే ఒప్పుకోకండి. "స్నేహితుల దగ్గర సర్దుబాటు చేస్తున్నా" అంటే ముందు సర్దుకుని, తన ఖాతాలో వేసుకుని రమ్మనండి.

బజానా అయినా సరే, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపాలి. బేరం చెడి "ఈ వేరే నెంబరుకి వేసేయండి" అంటే వద్దు.

నగదు

నోట్లు చూస్తే మనవాళ్ళకి ఎక్కడలేని ధైర్యం. ఒకే వ్యవహారంలో 2 లక్షలు గానీ అంతకుమించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నంత మొత్తం జరిమానాగా కట్టాల్సి రావచ్చు. మూడు రోజులు మూడు ముక్కలుగా తీసుకున్నా కారు ఒక్కటే కదా, లెక్క ఒక్కటే.

దానికి లోపల నగదు తీసుకునేటట్టయితే కొనేవాడినే మీ బ్రాంచికి తీసుకొచ్చి, కౌంటరులో లెక్కపెట్టించి మీ ఖాతాలో వేయించండి. దొంగ నోటు వస్తే మేము తిరిగి ఇవ్వం. దాని మీద ముద్ర కొట్టి తీసేసుకుంటాం, రసీదు ఇస్తాం, విలువ మాత్రం ఇవ్వం. ఒకే విడతలో ఐదు, అంతకన్నా ఎక్కువ వస్తే పోలీసు కేసు. ఆ క్షణంలో నోట్లు కట్టిచ్చిన మనిషి మీ పక్కనే ఉండటానికీ, కారు తోలుకుని సిద్ధాంతం ఊరు దాటిపోయి ఉండటానికీ చాలా తేడా ఉంది. 2,000 నోట్లు ఇస్తే తీసుకోకండి. 2023 అక్టోబరు 7 తర్వాత మామూలు బ్రాంచీల్లో అవి తీసుకోవడం లేదు.

డబ్బు పడ్డాక

ఇప్పుడు కాగితాలు. డెలివరీ నోటు రెండు కాపీలు రాసుకోండి: కారు నెంబరు, ఇంజను, ఛాసిస్ నెంబర్లు, ఎంతకి అమ్మారు, ఏ ఖాతా నుంచి వచ్చింది, తేదీ, టైము. టైము తప్పకుండా. ఆ సాయంత్రమే ఆ కారు ఏ కోడిపందాల దగ్గరో దొరికినా, ఎవరినైనా గుద్దినా, అప్పటికి అది మీ చేతిలో లేదని చెప్పే కాగితం అదొక్కటే. అయితే అదే సరిపోతుందనుకోకండి. ఆర్సీలో పేరు ఎవరిదైతే వాళ్ళే యజమాని, ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్ళ మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు పడ్డాకే పెట్టండి, ఖాళీ ఫారాల మీద మాత్రం ఎప్పుడూ వద్దు. కొనేవాళ్ళు మన రాష్ట్రంలోవాళ్ళయితే అమ్మిన 14 రోజుల్లోపు ఆర్టీవోకి తెలపాల్సింది మీరే, వాళ్ళు కాదు. కొనేవాళ్ళు యానాం వాళ్ళయితే, దూరం తక్కువైనా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి ఫారం 28తో ఆర్టీవో దగ్గర ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. హైదరాబాద్ అయినా అంతే. మీ కారు మీద లోను ఉంటే కొనేవాడు మిగిలిన బాకీ నేరుగా ఆ లోను ఖాతాకే కట్టాలి, తర్వాత ఆర్సీలోంచి ఆ లోను తీయించే ఫారం 35. "మీరు లోను ఇచ్చినవాళ్ళ ఎన్వోసీ తెచ్చాక మొత్తం ఇస్తాను, ఆర్సీ ముందివ్వండి" అంటే కుదరదు. కొనేవాడు లోను మీద కొంటుంటే శాంక్షన్ లెటరు చూసి సంతోషించకండి, అది డబ్బు కాదు, డబ్బు వస్తుందన్న మాట.

బదిలీ ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు మీ ఫోనుకి ఓటీపీ వస్తుంది. "ఓటీపీ చెప్పండి సార్" అంటే చటుక్కున చెప్పేయకండి, మెసేజీ మొత్తం చదవండి. వాహనం గురించేనా, లేక మీ బ్యాంకు లాగిన్ గురించా అన్నది అందులోనే రాసి ఉంటుంది.

ఇంత చేసినా ఏదైనా జరిగితే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్ళు ఏమంటారో, ఊళ్ళో నవ్వుతారో అని ఒక రాత్రి ఆలోచిస్తూ కూర్చుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. తర్వాత మీ బ్రాంచికి వెళ్ళండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి, స్క్రీన్‌షాట్లు, ఫోన్ నెంబర్లు, వాట్సాప్ మాటలు ఏవీ చెరపకండి.

అంతా బాగా జరిగితే ప్రకటన తీసేయండి, లేకపోతే ఆ ఫోటోలతో ఇంకెవరో వ్యాపారం మొదలుపెడతారు. ఫాస్టాగ్ మూయించండి, లేదంటే ఈతకోట టోలుగేటు దగ్గర మీ డబ్బు పోతుంటుంది. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కారు నెంబరు కొట్టి ఆర్సీలో పేరు మారిందో లేదో వారానికోసారి చూస్తూ ఉండండి. మారకపోతే కొన్నవాళ్ళకి ఫోన్ చేయండి, ఎత్తకపోతే డెలివరీ నోటు కాపీ పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళండి.